గాలి పంపు

"రాంబాబన్నా! లీలావతికి ఊపిరాడట్లేదన్నా! నోరు తెరిచేస్తంది! పంపు... వెంటనే పంపు..."

ఫోనులో నాకు వినపడింది ఇంతే. ఆ వెంటనే 'బుడుంగ్' మని ఏదో చప్పుడైంది. తరవాత అటునుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

లీలావతి మా అక్క. జగ్గయ్యపేటలో ఉంటుంది. ఫోను చేసింది వాళ్ళ పక్కింటి హఫీజున్నీసా. నేనుండేది నందిగామలో. మైకు సెట్లు, సౌండు బాక్సులు అద్దెకిచ్చే షాపు నాది. ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళకీ మీటింగులకీ బాక్సులతో పాటు నా చెవులు కూడా అద్దెకిచ్చినట్టున్నాను, బాక్సులు తిరిగొచ్చాయి గానీ చెవులు సగమే వచ్చాయి. ఆ సమయానికి కూడా ఊరేగింపుకి పోవాల్సిన రెండు నిలువెత్తు బాక్సులు నా వెనక గుండెలదిరేలా మోగుతున్నాయి.

వాటిని కట్టేసి మళ్ళీ ఫోను చేశాను. హఫీజున్నీసాది స్విచాఫ్. అక్క ఫోను మోగుతోంది, మోగుతోంది, ఎత్తే దిక్కు లేదు.

ఎవర్ని పంపమన్నదో నేను వేరే ఆలోచించక్కర్లేదు. పంపాల్సిన మనిషి నా షాపులోనే, వెనక గదిలో ఉన్నాడు. మా బావ వీరరాఘవయ్య. పొద్దున్నే ఫోను కూడా ఇంట్లో మర్చిపోయి బస్సెక్కి వచ్చి, నా పాత స్పీకర్ల కుప్పలో తలదూర్చి, పగిలిన స్పీకరు అంచున ఉండే రబ్బరుని కమలాపండు తొక్కలా జాగ్రత్తగా ఒలుస్తున్నాడు. ఆయన పెరట్లో చేపల తొట్టి ఉంది. దానికి గాలి కొట్టే పంపులో రబ్బరు నీరసించిందట. బజారులో దొరికే రబ్బరు మీద ఆయనకి నమ్మకం లేదు.

"బావా," అన్నాను. "అక్కకి ఊపిరాడట్లేదంట. హఫీజున్నీసా ఫోను. నిన్ను వెంటనే పంపమంది."

బావ తలెత్తి చూశాడు. రబ్బరు ముక్క జేబులో పెట్టుకుని లేచాడు. చెప్పులేసుకోవడం మర్చిపోయి రోడ్డు మీదకి నడిచాడు.

ఎదురుగా టీ బడ్డీ దగ్గర స్టీవెన్ టీ తాగుతున్నాడు. సొంతంగా అంబులెన్సు తిప్పుతాడు. పేరుకి తగ్గట్టు స్టీరింగు ముందు తప్ప ఎక్కడా కుదురుగా కూర్చోడు.

"స్టీవెనూ, బండి తియ్యి! జగ్గయ్యపేట. మా అక్కకి ఊపిరందట్లేదు."

"సిలిండర్లు రెండూ ఫుల్లుగా ఉన్నయ్యన్నా, ఎక్కండి," అన్నాడు. టీ గ్లాసు ఎక్కడ పెట్టాడో చూడనే లేదు. ఊళ్ళోంచి బయటపడేలోపే సైరను మొదలైంది. నా జీవితంలో నా బాక్సులకంటే గట్టిగా అరిచే దాని పక్కన కూర్చోవడం అదే మొదలు.

మా ఆవిడ ప్రమీలారాణికి ఫోను చేసి చెప్పాను. ఆవిడ ఏడుపు నాతో మొదలుపెట్టి, నేను పెట్టేశాక చుట్టాలందరికీ తలా కాస్తా పంచింది. ఆ సంగతి తరవాత తెలిసింది.

అక్కకి నవంబరులో నెమ్ము చేసింది. రెండు ఊపిరితిత్తులూ పట్టేశాయి. విజయవాడ ఆస్పత్రిలో చాలా రోజులుంది. బతికి బయటపడింది గానీ, ఇంటికొచ్చింది సగం అక్కే. మా ఇంట్లో గొంతులన్నీ పుట్టుకతోనే మైకుతో వచ్చాయి. అందులో అక్కది పెద్ద మైకు. పెరట్లోంచి పిలిస్తే వీధి చివర పాలవాడు ఆగేవాడు. అలాంటిది, ఒక్కో మాటకీ ఎంత ఊపిరి ఖర్చవుతుందో లెక్క చూసుకున్నట్టు 'ఆఁ', 'ఊఁ'లకి దిగింది. గొట్టంలోంచి గాలి పీల్చి బంతుల్ని లేపమని ఆస్పత్రివాళ్ళొక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. ఒక బంతిని లేపి పక్కన పెట్టేసేది. పెరట్లోకి మూడు మెట్లు దిగాలంటే భయం. ఆయాసం వస్తే మళ్ళీ ఆ మంచం, ఆ ముసుగు, ఆ ముక్కులో గొట్టం. అదీ ఆ భయం.

నవ్వు సంగతి సరేసరి. ఫిబ్రవరిలో చూడ్డానికి వెళ్ళాను. మాత్రలతో పాటు నోట్లోకి పీల్చే మందు ఒకటి రాశారు, పూటకి రెండు పఫ్‌లని.

"అక్కా, పూటకి రెండు పఫ్‌లంట గదా. ఎగ్ పఫ్ఫా, కర్రీ పఫ్ఫా? మా ఊరి బేకరీ నుంచి వేడివేడిగా పంపనా?" అన్నాను.

అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు తెర మీద తెరయింది, పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. బావ వీపు నిమురుతూ నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. అది తగ్గాక నన్ను గేటు దాకా సాగనంపి చెప్పాడు.

"నువ్వు రా. కూచో. తిను. కానీ ఆ జోకులు మాత్రం గేటు బయట చెప్పుల పక్కన ఇడిచిపెట్టి రా."

అప్పటినించి అక్క ఇంట్లో నా నోటికి తాళం. వెళ్ళడం, ఎదురుగా కూర్చోవడం, ఆవిడ 'ఊఁ' అంటే నేను 'ఆఁ' అనడం. మాటకి ముందు నవ్వే మనిషి, నా మొహం చూస్తే నవ్వొస్తుందేమోనని తల పక్కకి తిప్పుకునేది. మా నాన్న పోయినప్పుడు కూడా నాకంత బెంగ పట్టలేదు.

అదే రోజుల్లో బావకి చేపల పిచ్చి పట్టింది.

ఆయనది మోటార్ల వైండింగ్ షాపు. ఎండకి బోర్డు మీద వెనక అక్షరాలు చెరిగిపోయి 'వైం' మాత్రం మిగిలిందనీ, సాయంత్రాలు ఒకరిద్దరు గ్లాసులు పట్టుకొచ్చి నిలబడ్డారనీ ఊళ్ళో పుకారు పుట్టించింది నేనే. ఆ షాపు మూసేసి, పెరట్లో గేదెల కుడితి తొట్టికి ఇటుకలు పేర్చి లోతు పెంచి, సిమెంటు పూసి, నీళ్ళు నింపాడు. తొట్టి మీద సగానికి కోసిన నీలం డ్రమ్ములు పెట్టి కంకర పోశాడు. చేపల నీళ్ళు డ్రమ్ముల్లోకెక్కి తోటకూరకీ పుదీనాకీ ఎరువవుతాయి. మొక్కలు వడకట్టిన నీళ్ళు మళ్ళీ తొట్టిలో పడతాయి. వినడానికి బాగానే ఉంది.

"తొట్టిలో పిల్లల్ని పడుకోబెడతారు బావా, నువ్వేంటి చేపపిల్లల్ని పడుకోబెడుతున్నావు?" అని ఫోనులో అడిగాను. ఫోను మీద నిషేధం లేదు.

"వాటికి గాలి కావాలిరా. ఏరేటరు కడుతున్నా."

"ఏరేటరా? ఏ రేటుకొచ్చింది?"

పెట్టేశాడు.

మొదటి ఏరేటరుకి టేబులు ఫ్యాను మోటారు పట్టుకుని, దాని రెక్కలు పీకి, కోసిన కూల్‌డ్రింకు సీసాలు కట్టాడు. అది నీళ్ళని చితక్కొట్టి, దండెం మీద ఆరేసిన బట్టల్ని మళ్ళీ ఉతికింది. వారం తిరక్కుండా విప్పేశాడు. రెండోదానికి ప్లాస్టిక్ పైపుకి బెజ్జం పెట్టి, నీళ్ళు జోరుగా పారుతుంటే ఆ బెజ్జంలోంచి గాలి వాటంతట అదే లోపలికి పోయేలా చేశాడు. అదీ బాగానే పనిచేసిందట, హఫీజున్నీసా చెప్పింది. అయినా విప్పేశాడు. ఎందుకు బావా అంటే, "కుదర్లా," అన్నాడు. ఏం కుదర్లేదో చెప్పలేదు. ఇంకోరోజు ఫోను.

"ఒరేయ్, రాయి."

"ఏం రాయమంటావు బావా?"

"రాయడం కాదురా. రాయి! కాళ్ళు రుద్దుకునేది. నందిగామలో దొరికితే తీసుకురా. ఇక్కడ కొన్నవన్నీ అయిపోయినయ్."

నల్లటి గరుకు రాయి, తేనెపట్టులా చిల్లులుండేది. దానికి బెజ్జం వేసి సెలైను గొట్టం దూర్చి, చిన్న గాలి పంపు తగిలించి తొట్టి అడుగున పడేశాడు. గొట్టానికి ఆస్పత్రిలో చుక్కల్ని తగ్గించి పెంచే చిన్న చక్రముంటుంది చూడండి, దాంతోనే గాలిని తగ్గించడం, పెంచడం. గాలి రాతిలోంచి సన్నటి బుడగలై లేచేది. నీళ్ళు డ్రమ్ముల్లోకెక్కడానికి కూడా ఆ గాలే ఆధారం. ఇది మాత్రం విప్పలేదు.

"ఏం చేపలు బావా?" అని అడిగితే, "చేపలే," అన్నాడు. మా బావతో సంభాషణంటే అంతే. పొలుసున్న జీవాల్ని పులుసు పెట్టకుండా పెంచుతున్నాడనీ, భార్య మంచాన ఉంటే ఈయన మొప్పలకి గాలి కొడుతున్నాడనీ నేను చుట్టాల దగ్గర వెక్కిరించాను.

ఇప్పుడు అదే మనిషి అంబులెన్సులో నా ఎదురుగా, వట్టి కాళ్ళతో కూర్చుని ఉన్నాడు. మధ్యలో పడక ఖాళీగా ఉంది. దాని తలవైపు ఆక్సిజను సిలిండరు, దానికి తగిలించి సగం దాకా నీళ్ళున్న చిన్న సీసా. బండి కుదుపుకి ఆ నీళ్ళు ఊగుతున్నాయి. బావ దాన్నే చూస్తున్నాడు.

"ఆ చక్రం తిప్పితే ఇందులో బుడగలొస్తయ్ గదా," అన్నాడు.

"అవునండి," అన్నాడు ముందునించి స్టీవెన్. "పొడిగాలి పీలిస్తే ముక్కు మండుద్దండి. నీళ్ళలోంచి తడిసి పోవాలి."

చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర లారీలన్నీ పక్కకి జరిగి మాకు దారిచ్చాయి. అది దాటాక బావ, సీసాతో చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"బెజవాడలో ఆవిడ మంచం పక్కన ఇదే ఉండేది. రాత్రీ పగలూ బుడబుడమంటా. ఇంటికొచ్చాక ఆవిడ కన్ను మూయలా. ఏందే అంటే, చప్పుడు లేదండీ అంది. చప్పుడు లేకపోతే గాలి రావట్లేదనిపిస్తందంట. గాలి గదినిండా ఉందిగదే అన్నా. నమ్మితేగా."

సైరను మోతలో వినపడాలని నేను ముందుకి వంగాను.

"ఫ్యాను మోటారుకి రెక్కలు కట్టా. అది వాన చప్పుడైంది. పైపుకి బెజ్జం పెట్టా. అది పాము బుస. ఆవిడ ఇంకా బెదిరింది. ఈ రాయి కుదిరింది. గొట్టం చక్రం కాస్త తిప్పి, కాస్త తిప్పి, ఆస్పత్రి చప్పుడు ఎట్టా ఉండేదో గుర్తు చేసుకుంటా పెరట్లో కూచున్నా. ఉన్నట్టుండి కిటికీలోంచి గురక వినపడింది."

"మరి చేపలెందుకు బావా?"

"ఉత్తనీళ్ళలో బుడగలేసుకుని కూచుంటే ఊరు నవ్వదూ? చేపలేస్తే చేపలకనుకుంటారు."

"అక్కకి చెప్పావా?"

"చెప్తే ఇంకేమన్నా ఉందా! నా మూలాన షాపు మూసుకున్నాడు, నా మూలాన గొట్టాలు పట్టుకున్నాడు అని కుమిలి చస్తది." జేబులోంచి రబ్బరు ముక్క తీసి చూసుకున్నాడు. "ఈ రబ్బరు పాతబడి రెండ్రోజులుగా చప్పుడు మారింది. నిన్న రాత్రి రెండుసార్లు లేచి కూచుంది. అందుకే వచ్చా. రాకుండా ఉండాల్సింది. నేను దగ్గరుంటే..."

ఆపేశాడు. రబ్బరు ముక్కని గుప్పెట్లో బిగించాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. బావా బావమరుదులం అయ్యాక అలా పట్టుకోవడం అదే మొదటిసారి. విడిపించుకోలేదు.

జగ్గయ్యపేటలో ఇంటి ముందు బండి ఆగీ ఆగకముందే దూకాడు. వెనకే నేను, నా వెనక పడకని లాక్కుంటూ స్టీవెన్. గేటు తీసే ఉంది. వాకిట్లో ఎవరూ లేరు. గదిలో మంచం ఖాళీ. అక్క ఫోను దిండు పక్కన ఉంది.

"లీలా!" అని అరిచాడు బావ.

'ఏమే'లు, 'ఒసే'లు తప్ప ఆయన నోట ఆ పేరు నేను వినలేదు. అరుపు కూడా వినలేదు.

పెరట్లోంచి నీళ్ళ చప్పుడొస్తోంది. ఎవరో పైనుంచి నీళ్ళు కుమ్మరిస్తున్నట్టు. దబ్. కాస్త ఆగి, మళ్ళీ దబ్.

అక్క తొట్టి గట్టు మీద కూర్చుని ఉంది. మూడు మెట్లూ దిగి వచ్చింది. చీర నడుందాకా తడిసిపోయింది. చేతిలో ఇత్తడి చెంబు. దాన్ని తొట్టిలో ముంచుతోంది, తల మీదకెత్తుతోంది, పైనుంచి ధారగా పోస్తోంది. ఎదురుగా హఫీజున్నీసా బకెట్టుతో అదే పని చేస్తోంది. అక్క మొహం ఎర్రగా కందిపోయింది. నోరు తెరిచి ఎగపీలుస్తుంటే ఊపిరి ఈలవేస్తోంది. అయినా చెంబు ఆగడం లేదు.

స్టీవెన్ పరుగున వెళ్ళి ఆక్సిజను ముసుగు మొహానికి అందించబోయాడు. అక్క మోచేత్తో నెట్టేసింది.

"నాక్కాదు..." అంది. ఒక చెంబు పోసింది. "శీలావతికి..."

స్టీవెన్ అటూ ఇటూ చూశాడు. "శీలావతిగారెక్కడండీ? లోపలున్నారా?"

"తొట్టిలో!" అంది హఫీజున్నీసా.

పాపం, స్టీవెన్ మొహం తెల్లబోయింది. ఎవరో మునిగిపోయారనుకున్నాడు. తొట్టిలోకి వంగి చూశాడు. నేనూ చూశాను. జానెడు జానెడు చేపలు, వెండి ఒంటికి గులాబిరంగు రెక్కలు, అన్నీ నీళ్ళ పైకొచ్చి గుండ్రంగా నోళ్ళు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. మా వైపు ఎవరింట్లో పులుసు పెట్టినా ముందు అడిగే చేప. శీలావతి.

అప్పుడు దిగింది నా బుర్రలోకి.

బావకి మాత్రం చేపలు కనపడటం లేదు. అక్క మణికట్టు పట్టుకుని, వేళ్ళు చూసి, పెదాలు చూసి, మళ్ళీ వేళ్ళు చూశాడు.

"నీకేం కాలా?"

"నాకేమైద్దండీ? పంపు ఆగింది... అవి పోతన్నయ్... చూడండి ముందు!"

"నువ్వు కూచో. చెంబు ఇటివ్వు."

"నే కూచుంటే అవి పోతయ్!"

అది అరుపు. చిన్నదే గానీ అరుపే. నవంబరు తరవాత అక్క అరవగా నేను వినడం అదే మొదటిసారి. బావ ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, ఇటు తిరిగాడు.

"స్టీవెనూ! సిలిండరు దింపు!"

స్టీవెన్ సిలిండరు దొర్లించుకొచ్చాడు. బావ రాయిని బయటికి లాగి, సెలైను గొట్టాన్ని పంపు నుంచి పీకి, ఆక్సిజను గొట్టంలోకి దూర్చి, నేను చించి ఇచ్చిన టేపు చుట్టాడు. రాయిని మళ్ళీ నీళ్ళలోకి వదిలాడు. స్టీవెన్ చక్రం తిప్పాడు.

రాయి నుంచి పాలనురగ లాంటి బుడగలు లేచాయి. అక్క చెంబు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. ముందు ఒక చేప నోరు మూసింది. తరవాత రెండు పక్కకి తిరిగి కిందకి జారాయి. కాసేపటికి ఒక్కొక్కటే అడుక్కి దిగి, ఏమీ జరగనట్టు తిరగడం మొదలుపెట్టాయి.

"మా పేషెంట్లలో ఇంత తొందరగా కోలుకున్నోళ్ళు లేరండి," అన్నాడు స్టీవెన్.

బావ అప్పటికే గట్టు పక్కన కూర్చుని పంపు విప్పాడు. లోపల రబ్బరు నిలువునా చిరిగి ఉంది. జేబులో ముక్క తీసి, కత్తిరించి, అమర్చి బిగించాడు. స్విచ్చు వేస్తే పంపు మళ్ళీ మూలగడం మొదలుపెట్టింది. సిలిండరు కట్టేసి గొట్టం దీనికి మార్చాడు. ఆ పని చేస్తున్నంతసేపూ చెయ్యి పంపు మీద, కన్ను అక్క మీద.

అక్క ఊపిరి కూడా నెమ్మదించింది. దానికి ఎవరూ ఏమీ పెట్టలేదు.

సరిగ్గా అప్పుడు వీధిలో కారు తలుపులు దబదబా పడ్డాయి. "వదినా! వదినగారో!" అని ప్రమీలారాణి, ఆవిడ వెనక పరిటాల బాబాయి రెండు చేతుల్లో కొబ్బరిబొండాలతో, ఆయన వెనక మైలవరం పిన్ని, ఎదురింటివాళ్ళు, అంబులెన్సు చూసి చేరిన వీధిలోవాళ్ళు. పెరడు నిండిపోయింది. చెంబు ఒళ్ళో పెట్టుకుని తడిచీరతో గట్టు మీద కూర్చున్న అక్కని చూసి ప్రమీల ఏడుపు సగంలో ఆగిపోయింది.

"ఎవరికిరా ఊపిరాడంది?" అన్నాడు బాబాయి.

అందరూ నా వంక చూశారు. నేను హఫీజున్నీసా వంక చూశాను.

"నేను జెప్పింది శీలావతి అన్నా," అంది ఆవిడ. "శీ... లావతి."

"నాకు లీలావతి అని వినపడింది."

"నేనెప్పుడన్నా అక్కని అక్కా అనకుండా ఉత్తపేరు పెట్టి అన్నానా? అంత మర్యాద తెలీనిదాన్నా? ఆమాత్రం ఆలోచించుకోవద్దా నువ్వు!"

చెవి తప్పు వింది సరే, బుర్రకేమైంది?

"మరి వీరరాఘవయ్యని పంపమన్నావంటగా?" అన్నాడు బాబాయి.

"లేదు బాబాయిగారూ! పంపు ఆగింది, వెంటనే పంపు చూడమని అన్నయ్యగారికి చెప్పన్నా, అనబోయా. సగంలోనే ఫోను జారింది."

"ఎక్కడ జారింది?"

హఫీజున్నీసా తొట్టిలోకి చూపించింది. అడుగున పచ్చటి కవరుతో ఫోను, దాని చుట్టూ ఒక శీలావతి తిరుగుతోంది.

"అంటే యంత్రం పంపుని మనిషిని పంపు అనుకున్నాడు. చేపని అక్క అనుకున్నాడు," అంది ప్రమీలారాణి అందరికీ వినపడేలా. "నేనేమో దార్లో ముగ్గురు దేవుళ్ళకి మొక్కుకున్నా. ఆ మొక్కులు ఇప్పుడు ఎవరి పేరు మీద తీర్చాలి?"

"శీలావతి పేరు మీదే," అన్నాడు స్టీవెన్. వీధంతా ఘొల్లున నవ్వింది.

అక్క నవ్వలేదు. పెదాలు బిగబట్టుకుని తల పక్కకి తిప్పుకుంది, అలవాటు ప్రకారం. తరవాత మెల్లగా, ఊపిరి చూసుకుంటూ అంది.

"వాణ్ణేమీ అనకండి. ఆ ఆక్సిజను తేబట్టి గదా బతికినయ్. ఆయనకి ఆ చేపలంటే ప్రాణం. ఒక్కటి పోయినా అన్నం ముట్టడు. షాపు కూడా మానుకుని వాటి చుట్టూనే తిరిగాడు. అవి పోతే ఆయనేమైపోతాడోనని... భయమేసి దిగా."

బావ నా వంక చూశాడు. వద్దురా అని. ఫిబ్రవరి నుంచి ఆ చూపుకి లొంగి నోరు మూసుకున్నాను. ఇంక నావల్ల కాలేదు.

"అక్కా, బావకి చేపలంటే ప్రాణమని నీకెవరు చెప్పారు? ఆ తొట్టిలో శీలావతి ఉందో సొరచేప ఉందో ఆయనకి అనవసరం. ఆయనకి కావాల్సింది బుడగల చప్పుడు. ఆస్పత్రిలో నీ పక్కన మోగిన చప్పుడు. అది లేకపోతే గాలి రావట్లేదని నువ్వు కన్ను మూయలేదంట గదా? దానికోసం ఫ్యాను విరిచాడు, పైపులు కోశాడు, ఊళ్ళో కాళ్ళు రుద్దుకునే రాళ్ళన్నీ కొనేశాడు. ఊరు నవ్వకుండా చేపలేశాడు. ఆయన నీ కోసం చేపల్ని సాకుతుంటే, నువ్వు ఆయన కోసం చేపల్ని కాపాడావు. మధ్యలో బాగుపడింది చేపలు!"

పెరట్లో అంతమంది ఉన్నా పంపు మూలుగు, బుడగల చప్పుడు తప్ప ఇంకేం లేదు. బావ తలొంచుకుని, బిగించేసిన స్క్రూనే మళ్ళీ బిగిస్తున్నాడు. అక్క ఆయన్నే చూస్తోంది.

"నిజమేనాండీ?"

బావ తలెత్తలేదు. "వాడియ్యన్నీ గాలి కబుర్లు," అన్నాడు.

"గాలి కబురే కదా బావా," అన్నాను. "అచ్చంగా గాలి గురించే."

అక్క పెదాల బిగువు జారింది. ముందు భుజాలు కదిలాయి. తరవాత నవ్వు బయటికొచ్చేసింది, పెద్దగా, వీధి చివరిదాకా వెళ్ళే పాత నవ్వు. నవ్వి నవ్వి దగ్గులో పడింది. స్టీవెన్ ముసుగు అందుకున్నాడు. బావ స్క్రూడ్రైవరు పారేసి ఒక్క గెంతులో పక్కకొచ్చాడు. ప్రమీల నా నడ్డి మీద ఒక్కటిచ్చింది.

అక్క అరచెయ్యి పైకెత్తింది. ఆగండి, అన్నట్టు. దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ముక్కుతో నిండా పీల్చుకుంది, నోటితో మెల్లగా వదిలింది. మళ్ళీ పీల్చుకుంది. పెదాల రంగు పెదాల రంగులాగే ఉంది. కళ్ళు తుడుచుకుని బావ చెయ్యి పట్టుకుని, నా వైపు తిరిగింది.

"ఒరే రాంబాబూ. ఇంకోటి చెప్పు."

నేను బావ వంక చూశాను.

"చెప్పరా," అన్నాడు బావ, ఆవిడ పక్కనే గట్టు మీద కూలబడుతూ. "కాస్త మెల్లగా చెప్పు."